వియెన్నా వాద్యసమాజము: పాఠరక్షణ విచారము

పూర్వకవి గ్రంథమునకు వ్యాఖ్యానము వ్రాయువానికి మూలపాఠమును దిద్దు నధికారము కలదా యను ప్రశ్న మన పండితలోకమునకుఁ గ్రొత్తది కాదు. తాళపత్రమున లేఖకుని ప్రమాదముచే నొక యక్షరము జాఱిపోయినదని యొకరును, జాఱిపోలేదు, కవిహృదయమే యది యని మఱియొకరును వాదించుచుండుట యీ పత్రికను జదువువా రందఱు నెఱిఁగినదే. ఇట్టి వివాదమే 1900 సంవత్సరము ఫిబ్రవరి నెలలో ఐరోపాఖండమునందలి వియెన్నానగరమున నొక సంగీతకృతినిగూర్చి పుట్టెను. ఆ వివాదమునకు స్థానమైన వాద్యసమాజము 1842లో జనించి నేఁటికిని జీవించియున్నది. పూర్వాచార్యుల కృతులను రక్షించి వినిపించుటయే ప్రధానవ్రతముగాఁ బెట్టుకొన్న యా సమాజము దేనిని రక్షించెను, దేనిని రక్షింపదయ్యెను అను రెండంశములను విచారించుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

వియెన్నా హాబ్స్‌బర్గువంశపు చక్రవర్తులకుఁ జిరకాలము రాజధాని. రాజాస్థానమును, ప్రభువుల మందిరములును, క్రైస్తవదేవాలయములును విద్వాంసులకు వృత్తి కల్పించుచుండుటచే నలుదిక్కులనుండి సంగీతజ్ఞు లచ్చటికిఁ జేరిరి. గ్లక్, మొజార్ట్, హైడన్, బీతోవెన్, షూబర్ట్ అను నైదుగురు సంగీతకర్తలును 1787 మొదలు 1828 వఱకు గల నలువదియొక్క యేండ్లలో నా నగరముననే దేహములు చాలించిరి. వీరిలో షూబర్టొక్కఁడే యచ్చటఁ బుట్టినవాఁడు; తక్కినవారు వచ్చి చేరినవారు. ఇంతటి కర్తలు వసించిన నగరమున వారి కృతులను నియతముగా వినిపించుటకుఁ దగిన స్థిరమైన బృందము లేకపోవుట వింత. ఆస్థానపు గీతనాటకశాలలో జీతముపై నుండు వాద్యకులు కలరు గాని వారి పని నాటకములకు వాయించుట. కర్త తన క్రొత్తకృతిని వినిపింపఁ దలఁచినచోఁ దానే నాటకశాలను సంపాదించి, వాద్యకులను గూర్చుకొని, చాలనిచోట విద్యాభిలాషులైన గృహస్థులను గలుపుకొని కచేరీ చేయవలసియుండెను.

ఆ సంగీతపద్ధతినిగూర్చి యిచ్చట రెండు మాటలు చెప్పుట యవసరము. సింఫొనీ యనఁగా సాధారణముగా నాలుగు ఖండములు గల వాద్యప్రబంధము. ఫిడేలు మొదలగు తీఁగవాద్యములు, వేణువు మొదలగు కొయ్యవాద్యములు, కొమ్ములు మొదలగు లోహవాద్యములు, భేరులు - వీనిలో నొక్కొక్కదానికి వేర్వేఱు స్వరములను కర్త కాగితముపై వ్రాసియుంచును. ఇవి యన్నియు నేకకాలమున మ్రోఁగినపుడే ప్రబంధము పూర్ణమగును. మనోధర్మమునకు నవకాశ మత్యల్పము. వాద్యకుఁడు గ్రంథమును బఠించువాఁడు; ముందు నిలిచి కాలమును జూపు నాయకుఁడు వ్యాఖ్యాత.

మన త్యాగరాజస్వామి 1767లోను, బీతోవెన్ 1770లోను జన్మించిరి. సమకాలికులైనను వారి కృతులు నిలిచిన తెఱఁగులు వేఱు. స్వామి కృతులు శిష్యుల కంఠములందు నిలిచినవి. ఉమయాల్పురము, తిల్లస్థానము, వాలాజాపేట యను శిష్యపరంపరలలోఁ బాఠభేదములు కలవు. అవి దోషములుగాఁ గాక సంప్రదాయములుగా నెంచఁబడినవి. బీతోవెన్ కృతులు కాగితముపై నిలిచినవి. కాఁబట్టి యచ్చట పాఠభేదము వచ్చినచో, వ్రాఁత యొప్పా, వాయించుట యొప్పా యను తగవు తప్పదు.

బీతోవెన్ తొమ్మిదవ సింఫొనీ 1824 మే 7వ తేదీని కేర్న్‌ట్నర్‌టోర్ నాటకశాలలో మొదట వినఁబడెను. అప్పటికి కర్తకు వినికిడి పూర్తిగా నశించియుండెను. ఆయన వేదికపై నిలిచి కాలము చూపుచుండఁగా, నిజమైన నాయకుఁడు ఉమ్లాఫ్ అనునాతఁడు, వాద్యకులు తన సంజ్ఞలనే చూడవలెనని ముందుగా నియమించియుండెను. నాటకశాల వాద్యకులతోపాటు సంగీతప్రియసమాజపు సభ్యులును వాయించిరి. ఇంత క్లిష్టమైన కృతికి బృందమంతయుఁ గలిసి చేసిన యభ్యాసములు రెండు మాత్రమే. సభ హర్షధ్వానములతో నిండెను. కృతి గొప్పదని యందఱకుఁ దెలిసినది. కృతియందున్న దంతయు వినఁబడినదా యనునది వేఱు ప్రశ్న.

ఆ కొఱఁతను దీర్చుటకుఁ బూనినవాఁడు ఒట్టో నికొలాయి. ఇతఁడు 1810లో కోనిగ్స్‌బర్గున జన్మించి, 1841లో నా నాటకశాలకు నాయకుఁడుగా వచ్చెను. 1842 మార్చి 28వ తేదీని నాటకశాల వాద్యకులను రెదూటెన్‌సాల్ అను రాజమందిరపు సభాశాలలోఁ గూర్చి మొదటి కచేరీ నడపెను. మఱుసటి సంవత్సరమే తొమ్మిదవ సింఫొనీని దీర్ఘమైన యభ్యాసముతో వినిపించెను. సమాజమునకు నాఁడేర్పడిన నియమములు నేఁటికిని మూలసూత్రములు: గీతనాటకశాలలో వాయించువాఁడే యిందు సభ్యుఁడు కావలెను, సమాజము తన కార్యములందుఁ దానే ప్రభువు, సభ్యుల సమ్మతిచేఁ బ్రతినిధులు నియమింపఁబడవలెను, ఆదాయమును సభ్యులే పంచుకొనవలెను. చక్రవర్తి యాజ్ఞ శాసనమైన దేశమున, ఆస్థానపు జీతగాండ్రు తమ సంగీతమునకుఁ దామే యజమానులగుట సామాన్యవిషయము కాదు.

1847లో నికొలాయి నగరమును విడిచెను. రెండేండ్లకే కాలధర్మము నొందెను. అతనితోనే సమాజమును నశించునట్లు తోఁచెను. కొన్నాళ్లు కచేరీలు అరుదయ్యెను. 1860 జనవరి 15వ తేదీని కార్ల్ ఎకెర్ట్ నాయకత్వమున ముందుగా చందాలు గైకొని యేటేట వరుసగా కచేరీలు జరపు పద్ధతి మొదలయ్యెను. అది మొదలు సమాజము మఱల చెదరలేదు.

1870 జనవరి 6వ తేదీని థియోఫిల్ హాన్సెన్ అను శిల్పి నిర్మించిన సంగీతప్రియసమాజ భవనము తెఱవఁబడెను. సమాజపు కచేరీల కదియే స్థానమయ్యెను. అందలి పెద్దశాల పొడవు సుమారు 49 మీటర్లు, వెడల్పు 19 మీటర్లు, ఎత్తు 18 మీటర్లు. బంగారుపూఁత గల స్త్రీవిగ్రహస్తంభములచే దానికి స్వర్ణశాల యని పేరు వచ్చెను. నేల క్రింద శూన్యస్థలము. పైకప్పు పైనుండి వ్రేలాడఁదీయఁబడినది. శాల యంతయు నొక వీణెకాయవలె ధ్వనికిఁ బలుకును. గదిలో ధ్వని నిలుచు కాలమును గణితముచే లెక్కించు శాస్త్రము 1900 ప్రాంతమునఁ గాని యేర్పడలేదు. ఈ శాల ముప్పదియేండ్లు ముందుగనే కట్టఁబడినది.

1875 మొదలు 1898 వఱకు, నడుమ కొలఁది కాలము తప్ప, హాన్స్ రిక్టర్ నాయకుఁడుగా నుండెను. బ్రామ్స్ రెండవ సింఫొనీ 1877 డిసెంబరు 30న, మూఁడవది 1883 డిసెంబరు 2న, బ్రూక్నర్ ఎనిమిదవ సింఫొనీ 1892 డిసెంబరు 18న ఇతని నాయకత్వముననే మొదట వినఁబడినవి. 1881 డిసెంబరు 4న చైకోవ్‌స్కీ ఫిడేలుప్రబంధము మొదట వాయింపఁబడినపుడు హాన్స్లిక్ అను ప్రసిద్ధవిమర్శకుఁడు దానిని దారుణముగా దూషించెను. నేఁడది లోకమంతట నాదరింపఁబడుచున్నది. కాఁబట్టి ప్రాచీనకృతి యని మన మనునది యొకనాఁడు నవీనమై నిందల కోర్చినదే. 1897 మార్చి 7వ తేదీని రోగక్షీణుఁడైన బ్రామ్స్ తన నాలుగవ సింఫొనీ నీ సభలోనే వినెను. సభికులు ఖండఖండమునకును హర్షధ్వానము చేసిరి. ఏప్రిలు 3వ తేదీని అతఁడు మరణించెను. కర్తను జూచిన వాద్యకులే కర్త తరువాత గ్రంథమునకు సాక్షులైరి. సంప్రదాయమునకు బలము కలుగుట యిట్లే.

ఇఁక ప్రకృతవివాదమునకు వత్తము. 1898లో సభ్యులు గుస్తావ్ మాలరును నాయకునిగా నెన్నుకొనిరి. 1900 ఫిబ్రవరి 18వ తేదీని నికొలాయి స్మారకముగా జరుగు వార్షికసభలో నతఁడు తొమ్మిదవ సింఫొనీని నడపెను. 22న మఱల నడపెను. అతఁడు మూలమునందలి వాద్యస్వరములను కొన్నిచోట్ల మార్చెను. కొయ్యవాద్యముల సంఖ్యను బెంచెను. లోహవాద్యములకుఁ గ్రొత్తస్వరములు చేర్చెను. పత్రికలలోని విమర్శకులలోఁ బలువురు మండిపడిరి. మృతుఁడైన మహాకర్త గ్రంథమును దిద్దుటకు వీఁడెవఁడని వారి యాక్షేపణము.

మాలర్ తన సమాధానమును పత్రముగా ముద్రించి సభలోఁ బంచిపెట్టెను. దాని సారము మూఁడు హేతువులు. మొదటిది, బీతోవెన్ బధిరుఁడగుటచే వాద్యముల వాస్తవధ్వనితో సంబంధమును గోల్పోయియుండెను. రెండవది, నాఁటి కొమ్ములకును కాహళములకును మీటలు లేకుండుటచే నవి కొన్ని స్వరములనే పలుకఁగలిగెడివి; కర్త కోరినను వానిచే రాగమును బూర్ణముగాఁ బలికింపలేకపోయెను. మూఁడవది, శాలలు పెద్దవై ఫిడేళ్ల సంఖ్య పెరుగుటచే, మూలమునందలి కొలఁదిపాటి కొయ్యవాద్యములు వానిలో మునిఁగిపోవుచుండెను. వాగ్నర్ అను కర్త యీ మార్గమును ముందే చూపెననియు, తాను స్వేచ్ఛగా నేమియుఁ జేయలేదనియు, కర్త యభిప్రాయము పూర్ణముగా వినఁబడుటయే తన కోరిక యనియు నతఁ డనెను.

ఈ వాదమును వైయాకరణునకు సహజమైన రీతిని విభజించి చూతము. పాఠమును దిద్దుట మూఁడు విధములు. లేఖకుఁడు తప్పినది సరిచేయుట యొకటి. దీని నెవ్వరు నాక్షేపింపరు. సాధనములు లేక కర్త చెప్పలేకపోయినదానిని బూరించుట రెండవది. కర్త యిట్లు చెప్పియుండవలసినదని తన బుద్ధిచే నిర్ణయించుట మూఁడవది. మాలర్ చెప్పిన రెండవ, మూఁడవ హేతువులు రెండవ విధమునకుఁ జేరును. వానిలో న్యాయము కలదు. మొదటి హేతువు మాత్రము జాఱుడునేల. బధిరుఁడు కాఁబట్టి యెఱుఁగఁడని యొకసారి యొప్పుకొన్నచో, ఆయన వ్రాసిన యేయక్షరమునకును బ్రామాణ్యము నిలువదు.

కాత్యాయనుఁడు పాణిని సూత్రములకు వార్తికములు చెప్పెను. ఇది చెప్పవలసియున్నదని యతఁడు విడిగాఁ బలికెనే కాని సూత్రములోఁ దన మాట చొప్పింపలేదు. పిమ్మటి కాశికావృత్తికారులు కొన్నిచోట్ల వార్తికాంశములను సూత్రపాఠముననే చేర్చిరి. మహాభాష్యమును సరిచూచువారే యా చేర్పును గుర్తింపఁగలరు. తక్కినవారు దానిని మునివచనమే యని భ్రమింతురు. దోషము చేర్చుటయందుఁ గాదు, చేర్చినట్లు తెలుపకపోవుటయందుఁ గలదు. ఈ న్యాయముచే మాలర్ దోషి కాఁడు. అతఁడు చేసినదానిని దాఁచలేదు. హేతువులు చెప్పి సభికుల చేతిలోఁ బెట్టెను. మూలగ్రంథ మెప్పటివలెనే నిలిచియుండెను. శతాబ్దాంతమున పండితులు మూలప్రతులను బోల్చి బీతోవెన్ సింఫొనీలకు శుద్ధపాఠమును సిద్ధపఱచిరి. 2002లో సైమన్ రాటిల్ నాయకత్వమున నీ సమాజమే స్వర్ణశాలలో నా పాఠము ననుసరించి తొమ్మిది సింఫొనీలను వాయించెను. వార్తికము వచ్చినది, పోయినది, సూత్రము చెడలేదు.

పాఠమునేకాక పలుకును గూడ నీ సమాజము రక్షించినది. ఇతరదేశములందు క్రొత్తరూపములు వచ్చినను, వియెన్నావాద్యకులు తమ నగరపు పాతరీతి కొమ్మును, ఒబో యను కొయ్యవాద్యమును, మేఁకతోలు గల భేరిని విడువలేదు. 1933 మొదలు స్థిరనాయకుని నియమించుటయు మాని, ఒక్కొక్క కచేరీకి తామే నాయకుని బిలుచు పద్ధతి పెట్టుకొనిరి. నాయకులు వత్తురు, పోదురు. సమాజము స్వతంత్రమై నిలుచును. ఇంతవఱకు స్తుతియే.

ఇఁక రెండవ యంశము. 1881లో పదునెనిమిదవ యేట ఫిడేలువాద్యకులలో నగ్రస్థానమును బొందిన ఆర్నాల్డ్ రోజే యనునతఁడు ఏఁబదియేడేండ్లు నీ సమాజపు సేవ చేసెను. మాలర్ చెల్లెలిని 1902లో వివాహమాడెను. అతఁడు యూదుఁడు. 1938 మార్చి 12వ తేదీని జర్మనుసైన్యము ఆస్ట్రియాలోఁ బ్రవేశించెను. కొలఁదికాలములోనే యూదులైన సభ్యులందఱును స్థానభ్రష్టులైరి. రోజే వార్ధక్యమున లండను చేరి 1946లో నచ్చటనే మరణించెను. అతని కుమార్తె ఆల్మా 1944లో ఆష్విట్జు బందిగృహమునఁ జనిపోయెను. రోజేవలెనే ఫిడేలువాద్యకులలో నగ్రేసరుఁడైన జూలియస్ స్ట్వెర్ట్కా 1942లో తెరేజియెన్‌స్టాట్ బందిగృహమున మరణించెను. ఒబో వాద్యకుఁడైన ఆర్మిన్ టిరోలర్ 1944లో ఆష్విట్జునఁ జంపఁబడెను. ఇట్లు సమాజమువారిలో నేడుగురు బలియైరి. మాలర్ కృతులు నిషేధింపఁబడెను. 1942 నాఁటికి వాద్యకులు 123 మందిలో నించుమించు సగమువంతు, అనఁగా 60 మంది, నాజీపక్షమునఁ జేరియుండిరి. నేఁడు లోకమంతయు నుత్సాహముతో వినుచున్న నూతనవత్సరపు కచేరీకి మొదటిది 1939 డిసెంబరు 31న క్లెమెన్స్ క్రాస్ నాయకత్వమున జరిగెను. దాని యాదాయము ప్రభుత్వపు యుద్ధకాలసహాయనిధికిఁ బోయెను.

తమ కార్యములందుఁ దామే ప్రభువులమని 1842లోఁ జెప్పుకొన్న సమాజ మిది. ఒక్క కొమ్మువాద్యపు స్వరము మాఱినదని 1900లో వాదములు చెలరేఁగిన నగర మిది. అట్టిచోట, ఆ స్వరములను బలుకు మనుష్యులు జాఱిపోవుచుండఁగా నెవ్వరును గొంతెత్తి పాఠభ్రంశమని పలుకలేదు. రాజభయ మొక హేతువని యందురు. సగముమంది పేర్లు చూచిన పిమ్మట భయమొక్కటే హేతువని చెప్పుటకు నోరు రాదు. ఆ సంవత్సరములందును బీతోవెన్ సింఫొనీలు స్వర్ణశాలలో మ్రోఁగుచునేయుండెను. మానవులందఱు సోదరులగుదురను భావము తొమ్మిదవదాని కడపటి ఖండమునఁ గలదు. శుద్ధోచ్చారణ యర్థజ్ఞానము కాదని మన పూర్వులు చెప్పినదాని కింతకంటె నుదాహరణము వలయునా?

1945 మార్చి 12వ తేదీని బాంబులచే గీతనాటకశాల కాలిపోయెను. అది పునర్నిర్మితమై 1955 నవంబరు 5న బీతోవెన్ గీతనాటకము ఫిదేలియోతోఁ దెఱవఁబడెను. సమాజపు ద్వారములు తెఱచుకొనుటకు మఱికొంత కాలము పట్టెను. 1974 మొదలు వాయించుచున్న అన్నా లెల్కెస్ అను వీణాసదృశమైన హార్పువాద్యపు విదుషి 1997లోఁ గాని సభ్యత్వము నొందలేదు. స్త్రీలలో మొదటి సభ్యురా లామెయే. బొంబాయిలో 1936లోఁ బుట్టి, 1954లో నా నగరమునకు విద్యార్థిగాఁ జేరిన జూబిన్ మెహతా 1990 మొదలు 2015 వఱకు నైదుసారులు నూతనవత్సరపు కచేరీకి నాయకుఁడయ్యెను. భారతీయునకు దక్కిన యీ గౌరవము మనకు సంతోషహేతువు.

2013లో సమాజము తన పత్రభాండారమును చరిత్రకారుల కొసఁగి, నాజీకాలపు వృత్తాంతమును వారిచే వ్రాయించి ప్రకటించెను. ఏడుగురి పేర్లును, ఆఱుపదుల సంఖ్యయు నిపుడెవరైనను జదువవచ్చును. ఏఁబదియేండ్లకుఁ బైగా నాలస్యమైనది; అయినను జేసినది సరియైన పని. మాలర్ పత్రమునకును దీనికిని ధర్మమొక్కటే: మార్పు నెవరు చేసిరో, ఎచ్చటఁ జేసిరో తెలుపుట.

వ్యాకరణమున లోపమనఁగా నాశము కాదు, కానరాకపోవుట. ప్రత్యయము లోపించినను దాని కార్యము పదమునందు నిలుచునని విద్యార్థులకు నిత్యము బోధించుచున్నాము. ఏఁబదియేడేండ్లు రోజే ప్రక్కనఁ గూర్చుండి నేర్చిన చేతులు మఱి కొన్ని చేతులకు నేర్పినవి. అతని పేరు పట్టికనుండి తొలఁగింపఁబడినను అతని విల్లుపోటు ఆ శాలలోనుండి తొలఁగలేదు. గ్రంథములను బరిష్కరించు మనకును నిది స్మరణీయము. ప్రతులను బోల్చునపుడు జాఱిన యక్షరములనే కాక, ఆ ప్రతులను వ్రాసి, చదివి, మోసి తెచ్చి, పేరు లేక పోయినవారిని గూడ వెదకవలసియున్నది.